ఆఖరి రెండు రీళ్ళు

డెబ్బై తొమ్మిది ఎండాకాలంలో "డాబా మీద మనిషి" అనే సినిమా జగ్గయ్యపేటకి వచ్చేనాటికి బసవమ్మ జ్వరం నుంచి లేచి పథ్యం తింటోంది. ఆమె మొగుడు దశరథరామయ్యకి ఊరవతల సున్నపురాయి క్వారీ ఉంది. అంతకు కొన్నాళ్ళ ముందు ఆ క్వారీలో రాళ్ళు మోసే ఆరోగ్యమ్మ నీళ్ళగుంటలో శవమై తేలింది. కాలు జారి పడిందన్నాడు దశరథరామయ్య. పోలీసులు అలాగే రాసుకున్నారు. ఊరు నమ్మింది. నమ్మితే తమకి పోయేదేం లేదు కనక నమ్మింది.

నమ్మంది బసవమ్మ ఒక్కతే. ఆమె చూసింది.

ఆ మధ్యాహ్నం మొగుడికి క్యారేజీ పట్టుకుని వెళ్ళింది. కూలీలంతా అవతల రేకుల పాక కింద సద్దులు విప్పుకున్నారు. ఆరోగ్యమ్మ మాత్రం గుంట గట్టు మీద నిలబడి దశరథరామయ్యతో వాదిస్తోంది. అంతకు ముందే రాళ్ళు పగలగొట్టే తూటా పేలి ఒక కూలీకి కళ్ళు పోయాయి. "పేల్చే ముందు కేకెయ్యకపోతే ఒక్కరం కూడా కిందికి దిగం" అంటోంది. దశరథరామయ్య చేతికర్ర ఎత్తి ఆమె రొమ్ము మీద ఒక్క పోటు పొడిచాడు. మనిషి వెనక్కి పోయింది. నీళ్ళ చప్పుడైంది. గట్టు మీద ఆమె చుట్టకుదురు మిగిలింది. నెత్తి మీద తట్టకింద పెట్టుకోవడానికి పాత చీరె గుడ్డతో చుట్టుకున్నది. దశరథరామయ్య వెనక్కి తిరిగి చూడకుండా పాక వైపు వెళ్ళాడు. బసవమ్మ ఆ చుట్టకుదురు తీసుకుని ఊరి చివర ఆరోగ్యమ్మ తల్లి మార్తమ్మ ఇంటికి పోయి, ముసలిదాని చేతిలో పెట్టి, ఒక్క ముక్క మాట్లాడకుండా వచ్చేసింది. నోరు రాలేదు. ఇంటికొచ్చి పడిపోయింది. ఒళ్ళు కాలిపోయింది.

ఇదీ ఆమెకి తెలిసిన వరస.

దశరథరామయ్య చెప్పే వరస వేరు. ముందు జ్వరం వచ్చింది. జ్వరంలో పీడకల వచ్చింది. ఆ రోజు బసవమ్మ గడప దాటలేదు. అతని తల్లి రత్తమ్మ కూడా అదే మాట చెప్పింది. "మంచంలో పడుండి కేకలు పెడితే తడిగుడ్డ వేసింది నేను కాదూ? పొడిచావు పొడిచావు అని మొగుణ్ణి పట్టుకుని అరిచింది. బిడ్డ కడుపులోనే పోయినకాణ్ణుంచీ దాని బుర్ర సరిగా లేదు" అని వీధిలో వాళ్ళందరికీ చెప్పింది.

కానీ ఆ కేకలు పనిమనిషి విన్నది. అక్కణ్ణుంచి కూలీలకి పాకాయి. కూలీల సంఘం వాళ్ళు అర్జీ పెట్టారు. నందిగామలో ఒక ఆఫీసరు విచారణ చేస్తాడని, బసవమ్మని కూడా పిలుస్తారని కబురొచ్చింది. ఆమె "చూశాను" అంటే దశరథరామయ్య మీద కేసు. "చూడలేదు" అంటే ఆరోగ్యమ్మ కాలు జారి పోయినట్టే.

సరిగ్గా అప్పుడు ఆ సినిమా వచ్చింది.

మొదటాట చూసొచ్చిన దశరథరామయ్య మొహం వెలిగిపోయింది. మర్నాడు మ్యాట్నీకి పెళ్ళాన్ని ముస్తాబు చెయ్యమని తనే తల్లికి చెప్పాడు. పెళ్ళయ్యాక వాళ్ళిద్దరూ కలిసి సినిమాకి పోయింది లేదు.

కథ ఇదీ. ఒకావిడ తన మొగుడు ఎదురు డాబా మీంచి ఒక మనిషిని కింది రోడ్డు మీదికి తోసెయ్యడం చూస్తుంది. నీకు మతి పోయింది అంటాడు మొగుడు. ఒక డాక్టర్ని తెస్తాడు. సినిమా అంతా పొగలాగా ఉంటుంది. ఏది జరిగిందో, ఏది ఆవిడ అనుకున్నదో తీసినవాడు తెలియనివ్వడు. ఒకచోట ఆవిడ దాక్కుని చూస్తుంటే మొగుడూ డాక్టరూ కలిసి పిట్టగోడ మీద దుమ్ము చల్లుతూ నవ్వుకుంటారు. తర్వాత డాక్టరు ఆవిణ్ణి డాబా ఎక్కించి, "చూడమ్మా, చెదరని దుమ్ము. ఇక్కడికి ఎవరొచ్చారు, ఎవర్ని తోశారు?" అంటాడు. ఆవిడ దుమ్ము మీద వేలు రాసి, ఆ వేలు చూసుకుని, వాళ్ళు దుమ్ము చల్లడం కూడా తన భ్రమే అనుకుని డాక్టరు కాళ్ళ మీద పడుతుంది. "నాకే పిచ్చండీ" అంటుంది. శుభం.

లైట్లు వెలిగాయి. ఆడవాళ్ళ బెంచీల్లో ఒక్కొక్క తలా తిరిగింది. అందరూ బసవమ్మనే చూశారు. ఒకావిడ పక్కావిణ్ణి మోచేత్తో పొడిచి, "పాపం, అచ్చం ఇలాగేనంట" అంది. జాలిపడింది! ఆ జాలికంటే చెప్పుచ్చుకు కొట్టినా బాగుండేది.

ఇంటికొస్తూ దశరథరామయ్య మెత్తగా అన్నాడు. "చూశావా? ఆవిడా చూశాననే అనుకుంది. తప్పు ఆవిడది కాదు, రోగానిది. విచారణలో నాకేం తెలీదని ఒక్క మాట చెప్పు. నిన్ను పువ్వుల్లో పెట్టి చూసుకుంటా. కాదూ కూడదన్నావా, హైదరాబాదు పిచ్చాసుపత్రిలో పడేసి వస్తా. ఊరంతా నా వైపే నిలబడుద్ది. నిన్న చూసి వచ్చినోళ్ళంతా నన్నే ఓదారుస్తున్నారు."

అబద్ధం కాదు. పేట మొత్తం ఆ సినిమా పట్టుకుని బసవమ్మని తూచింది. కిరాణాకొట్టు దగ్గరా, బావి దగ్గరా అదే మాట. బొమ్మ చూసి మనిషికి తీర్పు చెప్పే జనం! గుంటలో తేలిన ఆరోగ్యమ్మ మాట ఒక్కడెత్తలేదు.

ఆ తర్వాత బసవమ్మకి క్వారీ గుర్తు చేసుకుందామంటే డాబా వచ్చేది. కర్ర ఎత్తిన మొగుడి చెయ్యి కనపడబోయి, డాక్టరు చెయ్యి అయిపోయేది. ఆరోగ్యమ్మ మొహం సినిమాలో కిందపడిన మనిషి మొహంలా తెల్లబడేది. అన్నం కలుపుతూ తన వేళ్ళు చూసుకునేది, దుమ్ము అంటిందేమో అని. మార్తమ్మ చేతిలో చుట్టకుదురు పెట్టడం కూడా కలేనా? అడుగుదామంటే మార్తమ్మ కూతురు పోయిన కొన్నాళ్ళకే చందర్లపాడులో తమ్ముడింటికి వెళ్ళిపోయింది. నిజానికి అడగాలంటే భయం. "నువ్వెప్పుడిచ్చావమ్మా?" అని ముసలిది అంటే ఇక తను మిగలదు.

"అత్తయ్యా, నేనారోజు నిజంగా ఇల్లు కదల్లేదా?" అని ఒక పొద్దున అడిగింది.

"ఎన్నిసార్లు చెప్పించుకుంటావే నా చేత?" అంది రత్తమ్మ, బసవమ్మ వంక చూడకుండా చాటలో బియ్యం ఏరుకుంటూ.

ఒక్కటి మాత్రం పోలేదు. ఆ నీళ్ళ చప్పుడు. బిందె ముంచినా, ఎవరు కాళ్ళు కడుక్కున్నా అది లోపల మోగేది. అదీ జ్వరమేలే అని సరిపెట్టుకుంది. విచారణలో "నాకేం తెలీదు" అని చెప్పడానికి ఒప్పుకుంది.

విచారణకి ముందురోజే మొగుడూ పెళ్ళాలు నందిగామ బయల్దేరి బసవమ్మ అక్క సీతారావమ్మ ఇంట్లో దిగారు. దశరథరామయ్య వకీలుని కలవడానికి వెళ్ళాడు. సీతారావమ్మ ఊరుకునే మనిషి కాదు.

"మొహం చూడు, పీనుగు మొహం. పద, మ్యాట్నీకి పోదాం. మా ఊళ్ళో ఒక సినిమా ఆడతంది. దాని మీద మీ బావా నేనూ రెండ్రోజులు మాటల్లేకుండా ఉన్నాం. ఆ డాక్టరు దొంగముండాకొడుకు దొంగ కాదంటాడేంటి మీ బావ!"

"ఏం సినిమా అక్కా?"

"డాబా మీద మనిషి."

"అందులో దొంగేంటి? ఆవిడకే గదా పిచ్చి?"

"నీకెవరు చెప్పారే? ఆవిడ చూసింది. తన కళ్ళతో చూసింది."

సీతారావమ్మ చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది. అదే సినిమా. అదే పొగ, అదే కిటికీ. అయితే ఇక్కడ డాక్టరు ముందే డాబా ఎక్కించాడు. ఆవిడ ముందే వేలు రాసి కాళ్ళ మీద పడింది. బసవమ్మ లేచిపోబోయింది. సినిమా అయిపోలేదు. ఆ తర్వాత ఆవిడ దాక్కుని చూస్తుంది. మొగుడూ డాక్టరూ కొత్తగా దుమ్ము చల్లుతూ నవ్వుకుంటారు. ఆవిడ కళ్ళు పెద్దవవుతాయి. శుభం. హాల్లో సగం మంది ఈలలేశారు, సగం మంది తిట్టారు. "చూసిందిరా!" "చూళ్ళేదురా, అదీ దాని భ్రమే!" అంటూ తోసుకుంటూ బయటికి పోయారు.

బసవమ్మ బయటికి పోలేదు. ఇనప మెట్లెక్కి ఆపరేటరు గదికి పోయింది. వెనకాలే సీతారావమ్మ, "ఏమే, ఎక్కడికే?" అంటూ. లోపల బుడే సాహెబు చెమటలు కక్కుతూ రీలు తిరగచుట్టుకుంటున్నాడు.

"సాయిబుగారూ, పేటలో ఇలా లేదండీ. అక్కడ ఆవిడకి పిచ్చి."

"ఆ మాట నాక్కాదమ్మా, పేట హాల్లో నబీకి చెప్పు" అన్నాడాయన విసుగ్గా. "ప్రింటు ఒకటి, హాళ్ళు రెండు. అక్కడ తిప్పిన రీళ్ళు బస్సులో ఇక్కడికొస్తాయి. పేటకి మొట్టమొదట పోయేటప్పుడు చిల్లకల్లు దగ్గర బస్సు మీంచి పెట్టె పడింది. డబ్బాలూడి రీళ్ళు రోడ్డు మీద దొర్లినయ్యి. దొరికినోళ్ళు దొరికిన డబ్బాలో కుక్కారు. రీలు మొదట్లో ఉండే నంబరు ముక్కలు చిరిగిపోయినయ్యి. వేరే సినిమా అయితే చంటిపిల్లాడైనా వరస చెప్తాడు. ఈ దిక్కుమాలిన దాంట్లో ఏది ముందో ఏది వెనకో ఎవడికి తెలుస్తది? ఆఖరి రెండు రీళ్ళు నబీ ఒక రకంగా ఏస్తున్నాడు, నేనొక రకంగా ఏస్తున్నా. నాదే రైటని నేనంటా. తనదే రైటని వాడంటాడు."

"అసలు ఏది రైటండీ?"

"తీసినోడికి తెలియాలి. వాడైనా చెప్తాడో లేదో."

బసవమ్మ నిలబడి ఆ రీలు తిరగడం చూసింది. "వరస మారిస్తే లోపలి బొమ్మ మారుద్దాండీ?"

బుడే సాహెబు చెయ్యి ఆపి ఆమె వైపు చూశాడు. "బొమ్మెట్టా మారుద్దమ్మా? పడిన బొమ్మ పడినట్టే ఉంటది. మనం దాన్ని ఎక్కడ అతికిస్తే అక్కడ కూచుంటది. అంతే."

బసవమ్మ మెట్లు దిగింది. జ్వరం ముందా, క్వారీ ముందా? ఆమె బొమ్మల్ని ఎవరూ చెరపలేదు. చెరపలేరు. తెచ్చి జ్వరం వెనకాల అతికించారు. ఆమె మొగుడూ, అత్తా, ఊరూ కలిసి. సినిమా సంగతి బుడే సాహెబుకీ తెలీదు, నబీకీ తెలీదు. డాబా ఆవిడకి పిచ్చో కాదో ఎవరికీ తెలీదు, తెలియనక్కర్లేదు. డాబా మీంచి పడిన మనిషి రోడ్డు మీద పడ్డాడు. ఆ సినిమా మొత్తం మీద ఎక్కడా నీళ్ళ చప్పుడు లేదు. మరి తన లోపల మోగేది ఎక్కణ్ణుంచి వచ్చింది?

అయినా నమ్మకం పూర్తిగా కుదరలేదు. ఎలా కుదురుతుంది? అన్నాళ్ళపాటు నీకు పిచ్చి అని ఇంటిల్లిపాదీ చెప్తే ఎవరికైనా మిగిలేది అంతంతమాత్రమే.

మర్నాడు విచారణ గది బయట వరండాలో కూలీల సంఘం వాళ్ళు కూచున్నారు. వాళ్ళ మధ్యన మార్తమ్మ ఒళ్ళో చిన్న గుడ్డమూటతో ఉంది. బసవమ్మ ఆమె కళ్ళలోకి చూడలేక లోపలికి నడిచింది. దశరథరామయ్య కుర్చీలో కాలు మీద కాలేసుకుని ఉన్నాడు.

"ఆ రోజు మీరు క్వారీకి వెళ్ళారా?" అన్నాడు ఆఫీసరు.

"వెళ్ళానండి."

దశరథరామయ్య కాలు కిందికి దిగింది. బసవమ్మ ఆగలేదు. ఆగితే మళ్ళీ డాబా వస్తుంది. క్యారేజీ, రేకుల పాక, తూటాల గొడవ, కర్ర, పోటు, నీళ్ళ చప్పుడు, చుట్టకుదురు, మార్తమ్మ, ఆ తర్వాత జ్వరం. వరసగా చెప్పింది.

"సార్, మా ఆవిడకి ఒంట్లో బాగోదు" అన్నాడు దశరథరామయ్య, గొంతు నిండా జాలి నింపుకుని. "మొన్నే ఒక సినిమా చూసింది. అప్పట్నుంచీ మరీ ముదిరింది."

రాసుకుంటున్న గుమాస్తా నవ్వాపుకోలేకపోయాడు. "పేటలో చూశారా అమ్మా, నందిగామలోనా? మీ మాటలు వింటే నందిగామలో చూసినట్టుంది."

ఆఫీసరు కూడా మూతి బిగించి నవ్వు మింగాడు. ఒక ఆడమనిషి చచ్చిపోయిన సంగతి వినడానికి కూచున్న పెద్దమనుషులు వీళ్ళు!

"సినిమాలో చుట్టకుదురు లేదండి" అంది బసవమ్మ. "శవం తేలకముందే దాన్ని వాళ్ళమ్మ చేతిలో పెట్టాను. నేను ఇల్లు కదలకపోతే అది ఆమె దగ్గరకి ఎలా పోయింది? బయటే ఉంది, పిలిచి అడగండి."

మార్తమ్మని పిలిచారు. ముసలిది గడప దగ్గర చెప్పులు విడిచి నెమ్మదిగా వచ్చింది. ముసలిది లేదంటే చాలు. ఆ ఒక్క మాటతో మొగుడు చెప్పిన వరసే నిజమవుతుంది. పిచ్చాసుపత్రి కూడా నిజమవుతుంది. బసవమ్మ గుడ్డమూట వైపు చూడకుండా ఎదురుగా గోడనే చూస్తూ నిలబడింది.

మార్తమ్మ మూట విప్పి చుట్టకుదురు బల్ల మీద పెట్టింది. వెలిసిన ఎర్రచీరె గుడ్డ. సున్నపు పొడి ఇంకా మడతల్లో ఉంది.

"ఈ అమ్మగోరు తెచ్చిచ్చింది బాబూ. ఆ రోజు ఎండలో, చెప్పుల్లేకుండా, మొహమంతా చెమటలు. ఏందమ్మా, పిల్లేదమ్మా అంటే మాట్లాడలా. ఎల్లిపోయింది. పిల్ల పొద్దుగూకినాక తేలింది."

"మరి ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు?" అన్నాడు ఆఫీసరు.

"అడిగిందెవరు?"

గుమాస్తా తల వంచుకుని రాసుకోసాగాడు. దశరథరామయ్య ఏదో అనబోయాడు. ఆఫీసరు చెయ్యెత్తి ఆగమన్నాడు. మార్తమ్మ బసవమ్మ వైపు తిరిగింది. కోపం లేదు ఆ మొహంలో. కోపం ఉన్నా బాగుండేది.

"రేపొస్తావు, ఎల్లుండొస్తావు, వచ్చి నోరిప్పుతావని గడపలోనే కూచున్నా తల్లీ. రాలేదు. ఇక రావని మా తమ్ముడింటికి పోయా."

బసవమ్మ మళ్ళీ పేటకి వెళ్ళలేదు. అక్క దగ్గరే నందిగామలో ఉండిపోయింది. దశరథరామయ్య మీద కేసు నడిచింది. సినిమా మాత్రం ఊరు దాటిపోయినా పోట్లాటలు పోలేదు. పేట వాళ్ళు నందిగామ బస్సెక్కితే చాలు, డాబా ఆవిడకి పిచ్చా కాదా అని దారి పొడుగునా కొట్టుకునేవాళ్ళు. ఒకసారి దారిలో ఆ బస్సెక్కిన బసవమ్మని, ఆమెవరో తెలియక, ఒకడు అడిగాడు, "మీరేమంటారమ్మా?" అని.

"నాకు తెలీదు" అంది.

అది నిజం. ఆవిడ సంగతి ఆమెకి తెలీదు. తెలిసింది ఒక్కటే. సీతారావమ్మ పెరట్లో బిందె ముంచిన ప్రతిసారీ ఆ చప్పుడు లోపల మోగుతూనే ఉండేది. చెప్పేశాక ఆగుతుందనుకుంది. ఆగలేదు. కొన్నాళ్ళకి ఆగాలని కోరుకోవడం కూడా మానేసింది. అది ఆగిన రోజు ఎవడో ఒకడు వచ్చి మళ్ళీ వరస మారుస్తాడని ఆమె భయం.