ట్రైలర్ వెనక మనిషి

అన్న పోయాక ఇనుము చెక్కే అతని లేతు మిషన్‌ను కొన్నవాళ్లకు చేర్చే పని తమ్ముడి నెత్తినే పడింది. షెడ్డు దగ్గర క్రేన్ మీంచి డ్రైవరు విసుక్కుంటున్నాడు.

"లారీ మీద పెట్టేద్దాం బాబాయ్. ఏమవుతుంది?"

"బరువుకి లారీ కమాను పట్టీలు విరుగుతాయి. పైగా బరువంతా ఒకవైపే, మలుపులో బోల్తా కొడుతుంది."

"మరి ట్రైలర్ తెచ్చుకుని దానికి దండం పెడుతూ నిలబడ్డావేం?"

తమ్ముడు సందు వైపు చూశాడు. నేలకు దగ్గరగా ఉండే ట్రైలరే సరైనదని అతనికి తెలుసు. కానీ లారీనైతే అద్దాలు చూసుకుంటూ ఒక్కడే వెనక్కి తీయగలడు. ఈ ఇరుకు సందులో ట్రైలర్‌ను తీయాలంటే వెనక మనిషి ఉండాలి. ఇన్నేళ్లూ అక్కడ నిలబడింది అన్నే.

గుమ్మంలోంచి వింటున్న వదినకు విషయం అర్థమైంది. కొంగు దోపుకుని వచ్చింది.

"నేను నిలబడతాను, నువ్వెక్కు."

"నీకేం తెలుసు వదినా?"

"వంటింట్లోంచి రోజూ విన్నదే కదయ్యా!"

అతను ఎక్కి రివర్స్ గేరు వేశాడు.

"రారా నాన్నా, రారా! ఇంకాస్త రా!"

అచ్చం అన్న పిలుపే. తమ్ముడు బండిని వెనక్కి పోనిచ్చాడు. అద్దంలో చెయ్యి లేస్తుందేమోనని చూస్తూనే ఉన్నాడు. ఆపమని అన్న ఏనాడూ నోటితో చెప్పలేదు, చెయ్యెత్తేవాడు. అది వంటింట్లోకి వినపడేది కాదు.

ట్రైలర్ గోడకు తగిలి ఆగింది. పెచ్చులు రాలాయి.

"చెయ్యెత్తాలి వదినా" అని చెప్పబోయాడు. అద్దంలోకి చూసి ఆగిపోయాడు. బండి ఆగిందని కూడా చూడకుండా, కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ ఆమె ఇంకా పిలుస్తూనే ఉంది.

"రారా నాన్నా... రారా..."