ప్రసంగానికి మార్కులు

పన్నెండేళ్లుగా ఒకే సంఘానికి పాస్టరుగా ఉన్నావిడ, నలభై దాటాక మళ్లీ చదువుకు కూర్చుంది. సేవలో ఉన్న పాస్టర్ల కోసమే పెట్టిన పీజీ కోర్సు అది. తరగతిలో నేర్చుకున్న దైవశాస్త్రాన్ని ఎవరి సంఘంలో వాళ్లు పరీక్షించి చూసి, పరిశోధన రాయాలి. పాస్టరమ్మ తీసుకున్న అంశం: ఆదివారం ప్రసంగంలోంచి విన్నవాళ్లు ఇంటికేం పట్టుకెళ్తారు?

అంశం బాగానే ఉంది. చిక్కంతా మనుషులతోనే వచ్చింది.

ముందు టైలరు షాపుకెళ్లింది. అతను మిషను ఆపి, స్టూలు తుడిచి వేశాడు.

"మీ వాక్యం వింటే కడుపు నిండిపోతుందమ్మా."

"పోయిన ఆదివారం చెప్పినదాంట్లో ఏ మాట గుర్తుంది?"

"అన్నీ గుర్తున్నాయి."

"ఒక్కటి చెప్పు బాబూ."

అతను దారం కొరుకుతూ ఆలోచించాడు. ఉపవాసం గురించి భలే చెప్పారన్నాడు. ఆమె చెప్పింది క్షమాపణ గురించి.

తర్వాత ఎవరింటికెళ్లినా అదే వరస. కాఫీ ఇచ్చారు, కన్నీళ్లొచ్చాయన్నారు. ఎందుకొచ్చాయో మాత్రం ఒక్కరూ చెప్పలేదు.

ఆ సంభాషణలన్నీ చదివి కాలేజీలో గైడు కళ్లజోడు తీసి పక్కన పెట్టాడు. "ఇది పరిశోధన కాదండీ, సన్మానపత్రం. మీ ముఖం చూసి మీ మీద ఎవరు చెప్తారు? ఇంకెవరినైనా పంపండి."

తోటి విద్యార్థి ఒకాయన, ఆసుపత్రిలో రోగుల దగ్గర ప్రార్థనలు చేసే పాస్టరు, వెళ్తానన్నాడు. ఎవరు ఏమన్నారో తెలుసుకోవడానికి ప్రయత్నించనని పాస్టరమ్మ గైడుకు మాటిచ్చింది. ఆ ఆసుపత్రి పాస్టరు ఇళ్లన్నీ తిరిగొచ్చి, పేర్లు తీసేసి కాగితాలు చేతిలో పెట్టాడు.

ఈసారి కడుపు నింపుకున్నవాళ్లు ఎవరూ లేరు. సాగదీస్తుందన్నారు. అరుస్తుందన్నారు. 'చదువు మొదలెట్టిన దగ్గర్నుంచి ఆవిడ మాకోసం చెప్పడం మానేసి, పరీక్షకు అప్పజెప్తున్నట్టు చెప్తోంది' అని ఒకరన్నారు.

ఆ మాట ముల్లులా దిగబడింది.

"నిజం కావాలని నువ్వే కదా తిరిగావు" అన్నాడు భర్త, చొక్కా ఇస్త్రీ చేసుకుంటూ.

"నిజం కావాలన్నాను గానీ, ఇలా కావాలన్నానా?"

"నిజంలో రకాలుండవుగా."

ఆమెకు ఒళ్లు మండింది. ఆ రోజంతా అతనితో మాట్లాడలేదు.

ఆ పరీక్ష మాట అంత పొందికగా అనగలిగినవాడు సంఘంలో ఒక్కడే. సంఘపెద్ద, రిటైరైన హెడ్‌మాస్టరు. ఆదివారం ఆరాధన అయ్యాక అందరూ వెళ్లిపోతుంటే ఆయన కుర్చీలు వరసలో సర్దుతున్నాడు. పాస్టరమ్మ ఉండబట్టలేకపోయింది.

"మాస్టారూ, నేను పరీక్షకు అప్పజెప్తున్నట్టు చెప్తున్నానని మీరేనా అన్నది?"

ఆయన కుర్చీ వీపు పట్టుకుని నిలబడిపోయాడు. "నేననలేదమ్మా. అన్నవాళ్లెవరోగానీ, అబద్ధమైతే చెప్పలేదు."

అడగకూడనిది అడిగేసింది. ఆ పైన జవాబూ వచ్చేసింది.

దాచడం చేతగాక మర్నాడే గైడుకు చెప్పేసింది. ఆయన తల పట్టుకున్నాడు.

"ఎవరన్నారో మీరు ఆరా తీయరని నమ్మి వాళ్లు మాట్లాడారు. ఇప్పుడు ఆ మాటలు వాడలేం. మళ్లీ మొదటికే."

"మళ్లీ అంటే, మొత్తమా సార్?"

"మొత్తం. అంశం కూడా మార్చుకుంటే మంచిది."

ఏడాది శ్రమ బూడిదలో పోసిన పన్నీరైంది. బస్సులో కిటికీ పక్కన కూర్చుని, చదువు మానేద్దామని రెండు స్టాపుల పాటు గట్టిగానే అనుకుంది. మూడో స్టాపులో ఎక్కినామె ఒళ్లో సంచీ పడేసి జరగమంది. ఆ ఆలోచనా అక్కడే ఆగింది. ఇంటికెళ్లాక కొత్త అంశాల కోసం పుస్తకాలు ముందేసుకుంది.

మాస్టారుకు మాత్రం ఆ ఆదివారంతో దారి దొరికింది. అడిగింది కాబట్టి చెప్పొచ్చనుకున్నాడు. ప్రతివారం కుర్చీలు సర్దడం అయ్యాక వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని, తప్పులు విడమరిచి చెప్తాడు. "ఇవాళ మధ్యలో దారి తప్పారమ్మా. ఆ గ్రీకు మాట ఎవరికోసం?" పాస్టరమ్మ పళ్లు బిగబట్టి వింటుంది. చాలావరకు సరైనవే చెప్తాడు, అదే ఆమెకు మరీ చిరాకు. ఇన్నాళ్లూ ఇంటింటికీ తిరిగి వెతికింది సరిగ్గా ఈ మాటలకే, తీరా అంశం మారాక ఒక్కటంటే ఒక్కటి పరిశోధనలో రాసుకోవడానికి వీల్లేదు.