భూదవ్వ మచ్చ, సుష్మిత చుక్క

ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డి వెళ్లే బస్సులో సుష్మిత మొహం మాడ్చుకుని కూర్చుంది. పక్కన నాయనమ్మ భూదవ్వ, ఒళ్లో పాత ఎక్స్‌రే కవరు. ఆమధ్య అవ్వకు నెమ్ము చేసింది, తగ్గిందో లేదో ఇవాళ చూపించాలి. శనివారం ఒక్కపొద్దు కాబట్టి కడుపులో చాయ్ తప్ప ఏమీ లేదు. అయినా హుషారుకు తక్కువ లేదు.

దిగులంతా మనవరాలిదే. హైదరాబాదులో పరిశోధన చేస్తున్న సుష్మిత, దగ్గర్లోని ఒక గెలాక్సీకి అంతరిక్ష టెలిస్కోపు తీసిన ఎక్స్‌రే బొమ్మలో మెరిసే చుక్కను పట్టుకుంది. పక్క నక్షత్రాన్ని తింటున్న బ్లాక్‌హోల్ అని ఆమె అంటే, ఎప్పుడో పేలిన నక్షత్రం బూడిద అని గైడ్ సార్ అన్నాడు. రెండేళ్ల పని ఆ చుక్క మీదే నిలబడింది. పొద్దున కొత్త బొమ్మ వచ్చింది. అందులో చుక్క లేదు.

"ఏమైందే, గట్లున్నవ్?"

"నా చుక్క పోయిందవ్వా. ఇగ సార్‌కు ఏం మొహం వెట్టుకోని చెప్పాలె?"

"ఎక్స్‌రే దీసేటప్పుడు కదిలిందేమో. నన్నైతే ఊపిరి బిగవట్టుమన్నరు. దానికెవరు చెప్పిన్రు?"

ఏడవాలో నవ్వాలో సుష్మితకు తెలియలేదు.

ఆసుపత్రిలో డాక్టరు పాత ఫిల్మునూ కొత్త ఫిల్మునూ లైటు ముందు పక్కపక్కన పెట్టాడు. పాతదాంట్లో తెల్లటి మచ్చ ఉంది, కొత్తదాంట్లో లేదు.

"పాత దెబ్బ మచ్చయితే అట్లనే ఉండేదవ్వా. పోయిందంటే అది నెమ్మే. తగ్గిపోయింది."

సుష్మిత దిగ్గున లేచి నిలబడింది. నక్షత్రం బూడిదైతే వందల ఏళ్లు అలాగే వెలుగుతుంది, రెండేళ్లకే ఆరిపోదు. తిన్నంతసేపు వెలిగి, తిండి ఆగగానే మసకబారేది బ్లాక్‌హోలే కదా! చుక్క పోవడమే తన సాక్ష్యం. ఇంత చదివీ పొద్దున్నుంచి ఏడ్చినందుకు తనను తాను సంతోషంగా తిట్టుకుంది.

వరండాలోంచే సార్‌కు ఫోన్ చేసి అంతా చెప్పింది.

"సరే, బూడిద కాదు, ఒప్పుకున్నా. బ్లాక్‌హోల్ అనే రాయి, పక్కన ప్రశ్నార్థకం పెట్టు. మళ్లీ వెలిగితే ఆ గుర్తు తీసేద్దాం."

"గది మల్ల వెలుగుతదంటవా అవ్వా?" ఫోన్ పెట్టేసి అడిగింది సుష్మిత.

"ఇప్పుడేం జేస్తున్నది?"

"ఏం తింటలేదు. ఊకె ఉన్నది."

"అంటే నా లెక్కనే ఒక్కపొద్దున్నది," అంది భూదవ్వ, చెప్పులు వేసుకుంటూ. "ఆకలైతే అదే తింటది. నువ్వెందుకు రంది వడ్తవ్?"