సర్కారీ చుట్టం

ఆ నగరంలో ఇళ్ళకు అలక ఎక్కువ. కొన్నాళ్ళపాటు బయటివాళ్ళెవరూ గడప తొక్కకపోతే ఇల్లు వీధిలోంచి వెనక్కి జరగడం మొదలుపెడుతుంది. చప్పుడు చెయ్యదు, గోడలు బీటలివ్వవు. ఒక పొద్దున లేచి తలుపు తీస్తే మెట్టుకీ వీధికీ మధ్య నిన్న లేని జానెడు నేల కనిపిస్తుంది. మరికొన్నాళ్ళకు ఆ జానెడు బారెడై, పక్కిళ్ళ గోడల మధ్య సందులా తయారవుతుంది. ప్రతి ఇంటి పక్కనా, కాస్త వెనగ్గా, మున్సిపాలిటీ వాళ్ళు పాతిన హద్దురాయి ఉంటుంది. ఇంటి ముందుమెట్టు ఆ రాయి దాటి వెనక్కి పోయినట్టు కొలతల్లో తేలిందా, ఇక అంతే. అటూ ఇటూ ఉన్న ఇళ్ళు, బస్సులో సీటు ఖాళీ అయినప్పుడు మనుషులు చేసినట్టే, సర్దుకుని దగ్గరికి జరిగిపోతాయి. ఈ ఇల్లు వెనకవరసలో పడుతుంది. వెనకవరసలో వీధి లేదు, ఇంటికి నంబరు లేదు, పాలవాడు రాడు. అక్కడివాళ్ళు ఎలా ఉన్నారో ఎవరికీ తెలియదు. తెలియాలంటే వెళ్ళాలి. వెళ్ళేవాళ్ళే ఉంటే ఆ ఇల్లు అక్కడిదాకా పోయేదే కాదు.

అందుకే మున్సిపాలిటీలో కుళాయిల విభాగం, దీపాల విభాగం ఉన్నట్టే, మెట్ల కింద ఇరుకుగదిలో చుట్టాల విభాగం కూడా ఉంది. ఎవరూ రాని ఇళ్ళకు చుట్టంగా వెళ్ళి కూర్చోవడం ఆ విభాగం వాళ్ళ పని. అక్కడ ఒక అత్తయ్య, ఒక బాబాయి, ఒక పిన్ని ఉన్నారు. మావయ్య పోస్టు చాలాకాలంగా ఖాళీ.

పిన్ని ఆ ఉద్యోగంలో చేరినప్పుడు జడ నల్లగా ఉండేది. ఇప్పుడు సగం తెల్లబడింది. సొంత పేరు జీతాల రోజున సంతకం పెట్టేటప్పుడు తప్ప గుర్తుకు రాదు. పనిలో ఆమెకు వంక పెట్టేవాళ్ళు లేరు. మంచినీళ్ళు ఇస్తే మొదట వద్దనడం, గోడ మీది ఫొటో చూసి "మీ పోలికే" అనడం, ఒకసారి లేచి, కూర్చోమంటే కూర్చుని, రెండోసారి నిజంగా లేవడం, అన్నీ ఆమెకు కొట్టినపిండి. అయితే చుట్టం ఎంత బాగా కూర్చున్నా సరిపోదు. వెళ్తున్న మనిషిని చూసి ఇంటివాళ్ళు "అప్పుడే వెళ్తారా, కాసేపు కూర్చోండి" అనాలి. అదీ పైపైన అనకూడదు. ఇళ్ళకు చెవులు మంచివి. మొహమాటానికి అన్నమాటకు ఒక్క అంగుళం కూడా కదలవు.

ఇంతకీ పిన్ని సొంత ఇల్లే హద్దురాయి దగ్గరికి వచ్చేసింది.

తల్లి పోయిన దగ్గర్నుంచి మొదలైంది. ఇప్పుడు వీధి దీపం వెలుగు మెట్టు మీద పడదు. పేపరు వేసేవాడు సందు మొదట్లోంచే విసురుతాడు, అది సగం దూరం వచ్చి ఆయాసపడి పడిపోతుంది. ఇటు పక్కింటావిడ అప్పుడే ఆ సందులో బట్టల తీగ కడితే ఎలా ఉంటుందా అని కళ్ళతో కొలుస్తోంది. చుట్టాల విభాగం ఉద్యోగులకు సర్కారీ చుట్టాన్ని కేటాయించరు. వంటవాడికి ఆకలేమిటని అనుకుని ఉంటారు, ఆ నిబంధన రాసినవాళ్ళు.

ఆఫీసు బాబాయి మంచివాడు. ఒక ఆదివారం చాటుగా వచ్చి కూర్చున్నాడు.

"ఆరోగ్యం ఎలా ఉందమ్మా?" అన్నాడు.

"మీ దయవల్ల బాగానే ఉంది."

"నిద్ర పడుతోందా?"

"పడుతోంది. మీ మోకాలి నొప్పి ఎలా ఉంది?"

"నాకు మోకాలి నొప్పి లేదే."

"అలవాటున అడిగేశానండీ."

ఇద్దరూ నవ్వుకున్నారు. ఆయన ఒకసారి లేచాడు. ఆమె కూర్చోమంది. ఆయన కూర్చుని, రెండోసారి నిజంగా లేచాడు. ఇద్దరు గారడీవాళ్ళు ఒకరికొకరు గారడీ చూపించుకున్నట్టయింది. ఇల్లు ఉలకలేదు, పలకలేదు. మర్నాడు చూస్తే బొటనవేలంత వెనక్కి కూడా పోయింది. ఇంటికి ఒళ్ళు మండినట్టుంది.

తల్లి ఉన్నప్పుడు ఇలా కాదు. ఆవిడ వీధిలో పోయేవాళ్ళని చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కొచ్చేది. గొడుగు బాగుచేసేవాడు, దారి అడగడానికి ఆగినవాడు, దారి చెప్పడానికి ఆగినవాడు, అందరూ ఆ ముందుగదిలో కూర్చునేవాళ్ళు. పిన్ని మాత్రం సాయంత్రం రాగానే లోపలి గదిలోకి పోయి తలుపేసుకునేది. "పగలంతా చుట్టరికం చేసి చేసి దవడలు లాగేస్తున్నాయమ్మా, ఇక నా వల్ల కాదు" అనేది. తల్లి బలవంతపెట్టేది కాదు. తలుపవతల నవ్వులు వినిపించేవి. అవి ఎప్పుడు ఆగుతాయా అని పిన్ని ఎదురుచూసేది. చివరికి ఆగాయి.

కొత్త రుతువు మొదలవగానే గొలుసాయన కొలతలకు వస్తాడు. ఇత్తడి గొలుసుతో వీధివీధీ తిరిగి, ఏ ఇల్లు ఎక్కడుందో తేల్చేది ఆయనే. ఆయన మాటకు తిరుగులేదు. ఈసారి ఆయన వచ్చేసరికి పిన్ని ఇల్లు రాయికి ఇవతల ఉంటుందా అవతల ఉంటుందా అన్నది ఆమెకే తెలియకుండా పోయింది. రోజూ పొద్దున్నే తలుపు తీసి, ముందు ఆకాశం వైపు చూసి, తర్వాత ధైర్యం తెచ్చుకుని కిందికి చూసేది.

కొలతలకు ముందురోజు పిన్ని డ్యూటీ గుండీల బామ్మగారింట్లో పడింది.

బామ్మగారు ఒకప్పుడు గుండీల కొట్టు నడిపిన మనిషి. కొట్టు మూసినా గుండీలు మిగిలిపోయాయి. ఇంటినిండా డబ్బాలే. ఆవిడ నోరు మంచిది కాదు. ఇన్నేళ్ళుగా పిన్ని వెళ్తున్నా ఒక్కసారి కూడా "కూర్చో" అన్న పాపాన పోలేదు. "వచ్చావా" అంటుంది, "ఇక బయల్దేరు" అంటుంది. అయినా ఆ ఇల్లు వీధి అంచున నిటారుగా, వరసలో నిలబడ్డ సిపాయిలా ఉంటుంది. ఎందుకో ఆఫీసులో ఎవరికీ అంతుపట్టలేదు. పునాది గట్టిదని రాసుకుని ఊరుకున్నారు.

ఆ ఇంట్లో పిన్నికి ఉన్న ఒకే ఒక చిక్కు చెప్పులు. గుమ్మం దగ్గర విప్పిన చెప్పులు వెళ్ళేటప్పుడు అక్కడ ఉండవు. ఒకటి ఉంటుంది, రెండోది ఉండదు. ఎక్కడో మంచం కిందో, డబ్బాల వెనకో దొరుకుతుంది.

"పిల్లి పని," అంటుంది బామ్మగారు ప్రతిసారీ. "దానికి తోలు వాసన పడదు."

ఆ రోజు పిన్ని మనసు మనసులో లేదు. అనాల్సినవన్నీ అనకుండానే లేచింది.

"ఏమిటే, ఇవాళ నా ఫొటో చూసి నా పోలికే అనలేదు?" అంది బామ్మగారు.

"రేపు గొలుసాయన వస్తాడండీ మా వీధికి."

"వస్తే రానీ. నీకేం, సర్కారు చుట్టానివి."

"నాకు చుట్టాలెవరూ లేరు బామ్మగారూ."

పిన్ని మంచినీళ్ళ గ్లాసు లోపల పెట్టడానికి వెళ్ళింది. వంటింటి గోడకు ఒక అద్దం ఉంది. గ్లాసు బోర్లిస్తూ తలెత్తితే అద్దంలో ముందుగది కనిపించింది. బామ్మగారు కుర్చీలోంచి లేవకుండానే చేతికర్ర చాచి, గుమ్మం దగ్గరున్న ఎడమకాలి చెప్పును ఒడుపుగా లాగి, పెద్ద గుండీల డబ్బా వెనక్కి నెడుతోంది. ఆ వయసులో, ఆ మసకచూపుతో, ఒక్కసారికే గురి కుదిరింది. చాలా అభ్యాసం ఉంటే తప్ప అలా రాదు.

ఆ ఇంట్లో పిల్లి లేదు. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా దాన్ని చూడలేదన్న సంగతి పిన్నికి అప్పుడే తట్టింది.

ముందుగదిలోకి వచ్చి, "చెప్పు కనిపించట్లేదండీ," అంది.

"పిల్లి పని," అంది బామ్మగారు కిటికీలోంచి చూస్తూ.

పిన్ని మంచం కింద వెతికింది. బీరువా వెనక వెతికింది. ఒక్క గుండీల డబ్బా వైపు తప్ప అన్ని వైపులా వెతికింది. వెతుకుతున్నంతసేపూ బామ్మగారు, ఎర్ర గుండీలకు గిరాకీ ఎందుకు తగ్గిందో, ఒక దర్జీ తనను ఎలా మోసం చెయ్యబోయి తనే మోసపోయాడో, అంతా చెప్పుకొచ్చింది. కాళ్ళ కింద నేల మెత్తగా కదిలినట్టు అనిపించి పిన్ని గోడ పట్టుకుంది. ఎన్నో ఇళ్ళలో కూర్చుంది కానీ, తనను నిజంగా వెళ్ళనివ్వకూడదనుకున్న మనిషి ఉంటుందని ఆమె ఎప్పుడూ అనుకోలేదు.

మర్నాడు మధ్యాహ్నం గొలుసాయన వచ్చాడు. ఆయన వీధిలోకి అడుగుపెట్టగానే తలుపులన్నీ ఒకదాని తర్వాత ఒకటి మూసుకున్నాయి. పొట్టి మనిషి, శుభ్రమైన బూట్లు. సందులోకి వచ్చి, గొలుసు పరిచి, వంగి చూశాడు.

"నాలుగు వేళ్ళు దాటిందమ్మా," అన్నాడు. గొంతులో కోపం లేదు, జాలి లేదు.

పిన్ని హద్దురాయి వైపు చూసింది. "ఇక ఇంతేనా?"

"లోపలి గడప కూడా కొలవాలి. రెండూ కలిస్తేనే లెక్క."

బూట్లు గుమ్మం దగ్గర విప్పి, గొలుసు భుజాన వేసుకుని వెనకగదిలోకి వెళ్ళాడు. పిన్ని ఆ బూట్ల వైపు చూసింది. తర్వాత జరిగింది తన చెయ్యి చేసిందే తప్ప తను చెయ్యలేదని ఆమె ఇప్పటికీ అనుకుంటుంది. కుడికాలి బూటు పిండిడబ్బాలోకి పోయింది. మూత పడింది.

ఆయన తిరిగి వచ్చి గుమ్మంలో నిలబడిపోయాడు.

"ఇక్కడ రెండుండాలి."

"పిల్లి పనండీ," అంది పిన్ని. "కూర్చోండి, వెతుకుతాను."

"డ్యూటీలో కూర్చోకూడదు."

"ఒక్క బూటుతో నిలబడితే బాగుండదు కదండీ."

ఆయన ఆలోచించి, కుర్చీ అంచున కూర్చున్నాడు. ఆమె టీ పెట్టింది. ఒకచేత్తో గిన్నె కలుపుతూ, రెండో చేత్తో అక్కడా ఇక్కడా వెతుకుతున్నట్టు నటిస్తూ, చెవులు రిక్కించి నేల వైపే ధ్యాస పెట్టింది. నేల కదల్లేదు. ఇంటికి తెలుసు, ఆమెకు కావాల్సింది నాలుగు వేళ్ళు తప్ప ఆ మనిషి కాదని.

"చక్కెర సరిపోయిందా?"

"ఏమో. ఎవరైనా ఇస్తే కదా తెలియడానికి," అన్నాడు. "నేను వస్తున్నానంటే పొయ్యిలు కూడా ఆర్పేస్తారు."

"మీ ఇల్లెక్కడండీ?"

"ఆఫీసు పైన గది. ఆఫీసు కదలదు కాబట్టి అదీ కదలదు. అదృష్టవంతుణ్ణి అంటారంతా."

"ఎవరైనా వస్తుంటారా?"

"గొలుసు అతికేవాడు వస్తాడు. గొలుసు తెగితే." ఒక గుక్క తాగి చుట్టూ చూశాడు. "ఈ గదిలో నేనొకసారి కూర్చున్నానమ్మా. అప్పుడు మీ ఇల్లు వీధిలోకి పొడుచుకొచ్చింది. బళ్ళకు అడ్డమవుతోంది, కాస్త వెనక్కి తగ్గమని చెబుదామని వచ్చాను. మీ అమ్మగారు చెప్పనిస్తే కదా. పొద్దుగూకేదాకా కూర్చోబెట్టారు. ఆ రోజు వీధి మొత్తం కొలతలు ఆగిపోయాయి."

పిన్ని పొయ్యి మీది గిన్నె చేతిలోకి తీసుకుంది. "నేనప్పుడు..."

"లోపలున్నారు. ఆ తలుపు వేసుంది. మా అమ్మాయి అలిసిపోయి వచ్చింది, మెల్లగా నవ్వండి అని ఆవిడ రెండుసార్లు చెప్పారు."

ఆ నవ్వు ఆమెకు గుర్తుంది. లావుపాటి, ఆగి ఆగి వచ్చే నవ్వు. ఎవడీ మనిషి, ఎంతకీ పోడు అని తలగడ చెవులకు అడ్డం పెట్టుకుంది.

ఆయన కప్పు కింద పెట్టి, లేచి, తిన్నగా వెళ్ళి పిండిడబ్బా మూత తీశాడు. బూటు బయటికి లాగి రెండుసార్లు దులిపాడు.

"మూత వాలుగా ఉందమ్మా. వాలు నా కంట పడకుండా పోదు," అన్నాడు. "మీ ఇంట్లో పిల్లి ఉన్నట్టు మా దగ్గర నమోదు లేదే."

"ఇవాళే వచ్చిందండీ."

ఆయన బూటు తొడుక్కుని, లేసు కట్టుకుని, గొలుసు అందుకున్నాడు. ఇప్పుడు అనాలి. అప్పుడే వెళ్తారా, కాసేపు కూర్చోండి. లెక్కలేనన్నిసార్లు విన్న మాట, చిలక్కి నేర్పినట్టు ఇంటింటా నేర్పిన మాట. నోట్లోంచి రానేలేదు. ఆయన వెళ్ళాక ఆ గది ఎలా ఉంటుందో ఆమెకు ముందే కనిపించింది. కుర్చీ అక్కడే ఉంటుంది. తలుపు వేసినా ఒకటే, తీసినా ఒకటే.

గుమ్మానికి అడ్డంగా నిలబడి, "టీ ఇంకా ఉందండీ," అంది.

గిన్నె ఖాళీది. ఆమె చేతిలోనే ఉంది, ఆయనకు కనిపిస్తూనే ఉంది. ఇళ్ళకు చెవులు మంచివే కానీ, ఆ ఒక్క అబద్ధాన్ని మాత్రం ఆ ఇల్లు పట్టించుకోలేదు. గోడ మీద తల్లి ఫొటో ఒకసారి ఊగింది. కప్పు సాసరులో గలగలమంది. నేల, నిద్రలో ఒత్తిగిలిన మనిషిలా, ముందుకు జరిగి ఆగింది.

గొలుసాయన సందులోకి దిగి మళ్ళీ గొలుసు పరిచాడు.

"రెండు వేళ్ళు ఇవతల," అన్నాడు. "చివరి కొలతే లెక్క."

ఆయన గొలుసు చుట్టుకుంటూ వెళ్ళబోయి, వెనక్కి తిరక్కుండానే అన్నాడు, "వచ్చే రుతువుదాకా ఆ పిల్లిని పంపించెయ్యకండి."

వీధి పొడుగునా ఒక్క కాలి గుర్తులే తెల్లగా పడ్డాయి. రెండో కాలు గాల్లో వేసుకుంటూ పోయినట్టుంది. తర్వాతి ఇంటి తలుపు మూసుకుంది, ఆ తర్వాతిదీ మూసుకుంది. ఆయన మలుపు తిరిగాక కూడా పిన్ని మెట్టు మీదే నిలబడింది. వచ్చే రుతువు చాలా దూరం. రెండు వేళ్ళంటే ఎంతో కాదు, ఇప్పటినుంచే మళ్ళీ తరగడం మొదలైపోయి ఉంటుంది.

ఆమె లోపలికి వెళ్ళింది. తలుపు మాత్రం వెయ్యలేదు. రేపు బామ్మగారి దగ్గర డ్యూటీ లేదు, అయినా అక్కడికి ఏ చెప్పులు వేసుకు వెళ్ళాలా అని చూసుకుంది. కర్రకు తేలిగ్గా అందేవి, పాతవి, తీసి గుమ్మం పక్కన పెట్టుకుంది.