లండన్ మాల్

"మనోళ్ళు చేస్తే ఫోన్లయితయా మున్షీగారూ? చెవికి చెంబు పెట్టుకున్నట్టుంటది!"

ముందరి అర్రలో ఫోన్ మిస్త్రీ ఐలేశం నవ్వు. వంటింట్లో అతని భార్య అండాలు చేటలో బియ్యం ఏరుతోంది. పక్కనే పాతబట్ట మీద మిలిట్రీ క్యాంపు ఫోను విప్పి ఉంది. నిన్నటి పిడుగుకు లోపలి తీగచుట్ట మాడిపోయింది. బియ్యం కాగానే దాన్ని చుట్టాలి.

"బెంగుళూర్ల ఫోన్ల కార్ఖానా పెడుతున్నరంట గద," అన్నాడు క్యాంపు మున్షీ.

"పెట్టనియ్యుండ్రి. గంత సన్న తీగ చుట్టుడు మనోళ్ళ చేతులతోని అయ్యే పనా? నేనేసేది అసలు లండన్ మాల్."

లండన్ అంటే ఈ వంటిల్లే. పెద్ద లడాయప్పుడు, జర్మనీతో యుద్ధం నడిచిన రోజుల్లో, సీమ ఓడలు రాక ఫోన్ల సామాను ఆగిపోయింది. ఐలేశం మాడిన చుట్ట ముందేసుకుని తల పట్టుకుంటే, "జర ఇటియ్యి," అంది అండాలు. మగ్గం పక్కన పెరిగిన పిల్ల. కండెలు చుట్టీ చుట్టీ వేళ్ళకు చూపొచ్చింది. పాడైన మరో ఫోనులోని తీగ విప్పి, పుట్టింటి రాట్నం మీద, వరస మీద వరస చెదరకుండా చుట్టింది. ఫోను పలికింది. ఆ రోజు ఆమెకు అన్నం సయించలేదు, అంత సంతోషం. ఐలేశం మాత్రం ఫోన్ల ఆఫీసు పెద్దసాబుకు లండన్ నుంచి వచ్చిందని చెప్పాడు. "ఆడది చేసిందంటే నా ఇజ్జత్ ఏంగావాలె?" అత్త ఇంకో మాట కలిపింది. "కూసోని తిప్పుడేనాయె. గదీ ఓ పనేనా?"

నిజాం దిగిపోయాడు, రజాకార్లు పోయారు. దొరల మీద తిరగబడ్డ సంఘం వాళ్ళను పట్టడానికి ఊరవతల మిలిట్రీ క్యాంపు వెలిసింది. వాళ్ళ ఫోను అండాలు మొదటిసారి చుట్టిచ్చిన మర్నాడు ఐలేశం కంచం ముందు కూర్చుని పొంగిపోయాడు. "క్యాంపు సాబ్ శాన తారీఫ్ చేసిండు. మాట గంట కొట్టినట్టు వినవడ్డదట. ఒక్క ఫోన్‌కే భువనగిరి నుంచి లారీలు దిగినయి!"

లారీలు దిగింది పెరుగు తెచ్చే యాదమ్మ ఊళ్ళో. సంఘం వాళ్ళకు ఆకలికి జొన్న గటక పోశాడని ఆమె మొగుడు బీరప్పను కట్టేసి తీసుకుపోయారు. ఇప్పటికీ జాడ లేదు.

యాదమ్మ పెరుగు తేవడం మానలేదు. "మా ముచ్చట ఎవడు మోసిండో, అండాలక్కా. వాని నోరు పడిపోను." అండాలు మొహం తిప్పుకుని ఆమె కొంగులో బియ్యం పోస్తుంది. "గివెందుకక్కా? నువ్వేం చేసినవ్?"

నేనేం చేశాను? మాట్లాడింది ఎవడో, పట్టుకుపోయింది ఎవడో. నేను కూర్చుని తిప్పానంతే. ఇన్నేళ్ళూ గుచ్చుకున్న అత్తమాట వెనకే ఇప్పుడు దాక్కోవలసి వచ్చింది. అది పనే కాకపోతే పాపమూ తనది కాదు. కానీ ఫోను పలికిన రోజు గుండె నిండిన సంతోషం ఎవరిది? అది తనదైతే, బీరప్ప చేతులకు పడ్డ తాడూ తనదే. చీకట్లో కూడా తెగని పోగులు చుట్టిన ఈ వేళ్ళదే.

"జల్ది గావాలె మిస్త్రీ," అంటున్నాడు మున్షీ. "బీరప్ప తమ్ముడు గాలయ్య లేడూ, వాని జాడ దొరికింది. లారీల కోసం భువనగిరికి ఫోన్ కొట్టాలె."

"పొద్దుగూకే వరకు తెచ్చిస్త, ఫికర్ చెయ్యకుండ్రి," అని ఐలేశం లోపలికి తల పెట్టాడు. "ఇంక చేట పట్టుకునే కూసున్నవా? కానియ్యి!"

ఫోను లేకపోతే మనిషిని పంపుతారు. అయినా ఒక రాత్రి ఆలస్యమవుతుంది. ఆ రాత్రిలో గాలయ్య గుట్ట దాటవచ్చు. దాటినా బీరప్ప తిరిగి రాడు.

అండాలు ముక్కలన్నీ బట్టలో మూటగట్టింది. పరాయి మగవాళ్ళుండగా ఎన్నడూ దాటని గడప దాటి, మూట మున్షీ ముందు పెట్టింది.

"మాడిపోయింది సాబ్. గిది మనోళ్ళ చేతులతోని అయ్యే పని కాదు. లండన్‌కు రాయుండ్రి."

ఐలేశం నోరు తెరిచాడు. అవి అతను చెప్పిన మాటలే.

అండాలు లోపలికొచ్చి మళ్ళీ చేట అందుకుంది. రేపు యాదమ్మ అడుగుతుంది, నువ్వేం చేసినవని. ఈసారి చెప్పాలి.