మాట ఖాయమైన రోజు

భానూరు నర్సన్న బిడ్డ మొగులమ్మకు పదిహేడేళ్లు. ఇంద్రేశం ఊరి పెద్దరాములు కొడుకు సాయిలుకు ఆమెను ఇవ్వాలని పెద్దలు అనుకున్నారు. ఇక ఆదివారం మాట ఖాయం చేసుకోవడమే మిగిలింది. వాళ్ల కులంలో పిల్ల, పిల్లగాడు ఒకే ముంతలోని కల్లు చెరో గుక్క తాగితేనే మాట కుదిరినట్టు.

తెల్లవారితే చుట్టాలొస్తారనగా మొగులమ్మ తాను కల్లు తాగనంది. నర్సన్న నవ్వేశాడు. చిన్నప్పటి నుంచి పండుగ పూట బిడ్డ నోట్లో కల్లు పోసింది తానే. సారా జోలికి పోడు గానీ, కల్లును ఏనాడూ తప్పనుకోలేదు.

"గదేమన్న సారానా బిడ్డా? చెట్టు నీళ్లు."

"కొత్త ఫ్యాక్టరీ గోడ మీదికెల్లి పడ్డ మేస్త్రి గూడ గా నీళ్లే తాగిండు," అంది మొగులమ్మ. ఆమె అక్కడ ఇటుకలు మోసేది. కాలు విరిగిన మేస్త్రిని మంచం మీద మోసుకుపోతుంటే వెంట నడిచింది. "నువ్వు తాగితె నేనేమన్న అన్ననా నాయినా? నాకొద్దంటున్న, అంతే."

పెదవికి తాకిస్తే చాలని తల్లి రాజవ్వ బతిమాలింది. తాగినట్టు నటించడం ఇంకా తప్పంది మొగులమ్మ. నర్సన్నకు కోపం కన్నా భయమే ఎక్కువైంది. పిల్లకు పొగరని పిల్లగాడి వాళ్లు సంబంధం వద్దని వెళ్లిపోతే?

ఆదివారం చుట్టాలొచ్చారు. మొగులమ్మ తల వంచుకుని కూర్చుంది. బిడ్డ మొహం చూశాక బలవంతం చేయడానికి నర్సన్నకు మనసొప్పలేదు. పెద్దరాములును పశువుల కొట్టం వెనక్కి తీసుకెళ్లి, ఉన్నదున్నట్టు చెప్పేశాడు.

పెద్దరాములు గోడకు ఒరిగాడు. తువ్వాలతో మెడ తుడుచుకున్నాడు.

"మా పోరడు గూడ ముట్టనన్నడు బావా. ఫ్యాక్టరీల మిషన్ కాడ పనాయె, వాసనొస్తె గేటు కాన్నుంచే ఎల్లగొడ్తరట. నీకెట్ల చెప్పాల్నో తెల్వక పొద్దటి సంది పరేషాన్ అయితున్న."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముందు నర్సన్నకు నవ్వొచ్చింది, ఆ తర్వాత ఇద్దరూ ఆపుకోలేకపోయారు.

కుల పెద్దలు కొంత గొణిగారు. తండ్రులిద్దరూ ఒక్క మాట మీద ఉండేసరికి ఊరుకున్నారు. రాజవ్వ బెల్లం నీళ్లు కలిపి తెచ్చింది. సాయిలు ఒక గుక్క తాగి ముంత అందించాడు. మొగులమ్మ మిగతాదంతా తాగేసింది. కల్లు మాత్రం వియ్యంకులిద్దరూ పంచుకుని తాగారు.

నర్సన్నకు అప్పుడు బాగా ఆకలేసింది. అందరికంటే ముందు విస్తరి ముందు కూర్చున్నాడు.