తాడు కిందనుంచే

చెరకు మొదట్లో కత్తి వేసి, ఒరిగిన గడను ఎడమచేత్తో పట్టి, తోక నరికి పక్కకు విసిరేసరికి పోతయ్యకు ఆయాసం వచ్చింది. పొద్దుటినుంచీ అంతే. రోజూ అయితే అతని సాలుకు అటూ ఇటూ కబుర్లుండేవి. ఆ సోమవారం రెండు వైపులా కత్తుల చప్పుడే వినబడింది.

ముందురోజు బులిలేకా కూలి లైన్ల జట్టు వాయినికోరో లైన్ల వాళ్ళతో ఫుట్‌బాల్ ఆఖరి ఆట ఓడిపోయింది. ఓడించింది పోతయ్యేనని లైన్లన్నీ తీర్మానించాయి.

అతను ఒక్కనాడూ బంతిని తన్నినవాడు కాడు. సముద్రం దాటించి తెచ్చిన గిర్మిట్ కూలి ఒప్పందం ఐదేళ్ళూ తీరి ఆరేళ్ళయినా, సొంత పాక వేసుకోకుండా లైన్లోని ఇరుకు గదిలోనే ఉండిపోయింది ఆదివారం ఆట కోసమే. తమ జట్టు గోలు వెనక నిలబడి, చెరకులోకి దూసుకుపోయిన బంతిని వెతికి తెచ్చేవాడు. ముంజేతుల నిండా ఆకు కోసిన గీతలు. గెలిచిన రోజు భార్య అంకమ్మ వాటికి కొబ్బరినూనె రాస్తుంటే ఆటంతా మొదటినుంచి చెప్పేవాడు. ఓడిన రోజూ చెప్పేవాడు, కాస్త మెల్లగా.

గోలంటే రెండు వెదురు గడలు, పైన అడ్డంగా ఒక తాడు. ఆ తాడు నడిమధ్య జారిపోయి ఉంది. ఆట ముగియవచ్చే వేళ బంతి బులిలేకా గోలు కాసే మునస్వామి వేళ్ళు దాటి చెరకులోకి పోయింది. తాడు పైనుంచని వీళ్ళు, కిందనుంచని వాళ్ళు. ఆట నడిపే మిల్లు గుమాస్తా శివ ప్రసాద్ చెయ్యెత్తాడు.

"పోతయ్య ఏమంటే అదే పక్కా. ఠీక్?"

అతను అబద్ధమాడడని వాయినికోరో వాళ్ళు ఒప్పుకున్నారు. మనవాడే కదా అని బులిలేకా వాళ్ళు ఒప్పుకున్నారు.

"తాడు కిందనుంచే," అన్నాడు పోతయ్య.

సోమవారం పొద్దున రొట్టెలు మూటగడుతూ అంకమ్మ అంది: "కనపళ్ళేదంటే పోయేది. నీళ్ళకాడ నాతో ఎవురూ మాట్టాడ్డంలా."

"కనపడింది గదే."

మధ్యాహ్నం అందరూ ఒక నీడన కూర్చున్నారు. పోతయ్య వేరే నీడన చేరాడు. రొట్టె విప్పలేదు. వావు చెట్టు నారను కాలి బొటనవేలికి తగిలించి, నిన్న సాయంత్రం మొదలుపెట్టిన తాడు పేనుతున్నాడు. మూరెడు పేని, లాగి చూసి, వదులనిపించినచోట విప్పి మళ్ళీ పేనేవాడు.

"ఎవురి మెడకి, పోతయ్యన్నా?" అని అవతలి నీడనుంచి తోటి కూలీ లచ్మన్ అడిగాడు. నలుగురు నవ్వారు.

"గోలుకిరా. బిగువు తాడైతే ఇంకొకణ్ణి అడగాల్సిన పనుండదు."

కాసేపటికి మునస్వామి లేచి వచ్చి, ఎదురుగా గొంతుక్కూర్చుని, తాడు రెండో కొస పట్టుకున్నాడు.

"మావా, నా గోరు తాడుకి తగిలింది. బంతి నా చేతికిందనుంచే పోయింది."

"చూశాలే."

"చెప్పలేకపోయినా."

"నువ్వు ఆడేవోడివి. గెలవాలనుకునేది నీ పని. చూసేది నా పని."

మునస్వామి తలవంచుకుని లచ్మన్ దగ్గరికి వెళ్ళాడు. గోరు సంగతి అక్కడా చెప్పాడు.

పని చేయించే సర్దార్ ఈల వేశాడు. అందరూ కత్తులు అందుకున్నారు. వెళ్తూ వెళ్తూ లచ్మన్ ఆగి, "లే అన్నా, నీ సాలు పక్కది నాదేలే," అన్నాడు. పోతయ్య చెట్టుకు ఆనుకుని అలాగే ఉన్నాడు. లచ్మన్ మళ్ళీ పిలిచి, భుజం తాకి, ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి, ఊపిరి తగలక తన తలగుడ్డ తీసేశాడు. నార ఇంకా బొటనవేలికే తగులుకుని ఉంది.

ఆ తర్వాతి ఆదివారం మునస్వామి ఆ తాడును వెదురు గడలకు కట్టబోతే మూరెడు తక్కువయింది. ఆ మూరెడూ లచ్మన్ అక్కడే కూర్చుని పేనాడు. తాడు గోలు మీద గీత గీసినట్టు నిలిచింది. కొసన మూరెడు మేర మాత్రం పేనిక కాస్త వదులు.